900 డాలర్లలో చిన్న .22 పిస్టల్: ముందు ఏది కొనాలి, ఏది ఆపాలి

.22 పిస్టల్‌ని తమకు నచ్చినట్టు మార్చుకోవాలనుకునేవాళ్లు మామూలుగా ముందు ట్రిగ్గర్ కిట్ కొంటారు, తర్వాత రంగురంగుల చిల్లర భాగాలు కొంటారు. తీరా మ్యాచ్‌కి వెళ్లేసరికి చేతిలో మ్యాగజైన్లు (తూటాలు నింపి పిస్టల్‌లో పెట్టే డబ్బాలు) రెండే ఉంటాయి. డబ్బు ఖర్చుపెట్టే వరుస తిరగేస్తే అదే బడ్జెట్ సరిపోతుంది. ఇక్కడి లెక్క అమెరికాలో ఉండేవాళ్లకి: పన్నులు కాక 900 డాలర్లు, పిస్టల్ రూగర్ మార్క్ ఫోర్ 22/45 లైట్, వాడకం స్టీల్ ఛాలెంజ్ (ఉక్కు పలకల్ని వీలైనంత వేగంగా కాల్చే పోటీ) మ్యాచ్‌లు, మధ్యలో ప్రాక్టీసు.

ముందు వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటిని నమ్ముకునే ముందు లాయర్‌ని అడగాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, పౌరులు కొనొచ్చు. డీలర్ దగ్గర హ్యాండ్‌గన్‌కి 21 ఏళ్లు నిండాలి. ఆన్‌లైన్‌లో కొన్నా అది మీ రాష్ట్రంలోని లైసెన్సు డీలర్ దగ్గరికే వస్తుంది, అక్కడ 4473 ఫారం నింపి తీసుకోవాలి. సిటిజన్ అయిన ఫ్రెండ్ పేరు మీద తీసుకుందాం అన్న ఆలోచన ఇద్దరినీ జైలుకి పంపగలదు. ఇండియాకి వెళ్లేటప్పుడు చిన్న స్ప్రింగు కూడా సూట్‌కేసులో పెట్టకండి. మన ఆయుధాల చట్టంలో విడిభాగాలు కూడా ఆయుధాల కిందికే వస్తాయి.

ఈ మోడలే ఎందుకంటే, బ్యారెల్ 4.4 అంగుళాలు, బరువు 25 ఔన్సులు, అంటే దాదాపు 700 గ్రాములు. పిడి వాలు 1911 పిస్టల్‌ది. మార్క్ ఫోర్ 2016లో వచ్చింది. అంతకుముందు మార్క్ త్రీని విప్పి మళ్లీ బిగించడం ఒక పెద్ద తంతు, ఇందులో వెనక ఒక్క బటన్ నొక్కితే విడిపోతుంది. అన్నిటికన్నా పెద్ద లాభం వేరే ఉంది. కాల్చినప్పుడు లోపలి బోల్ట్ (తూటాని ముందుకి తోసి మూసే ముక్క) మాత్రమే వెనక్కి వస్తుంది, పై గొట్టం కదలదు. రెడ్ డాట్ (గురికి ఎర్ర చుక్క చూపే అద్దం) దాని మీదే కూర్చుంటుంది కాబట్టి, వేరే పిస్టళ్లలో కదిలే స్లైడ్ మీద ఊగే డాట్‌లా దెబ్బలు తినదు, చవకది కూడా చాలా కాలం వస్తుంది.

ఇక్కడే ఒక మెలిక. రూగర్ మార్క్ పిస్టళ్లలో సీరియల్ నంబర్ ఉండేది పిడి మీద కాదు, బ్యారెల్ ఉన్న పై భాగం మీద. చట్టం దృష్టిలో తుపాకీ అంటే అదే. అందుకే "ముందు చవక పిస్టల్ కొని తర్వాత తేలికైన పై భాగం మార్చుకుంటా" అనే ప్లాన్ అచ్చంగా రెండో తుపాకీ కొన్నట్టే. మళ్లీ డీలరు, మళ్లీ ఫారం, మళ్లీ ఫీజు, చివరికి వాడని పాత పై భాగం బీరువాలో. తేలికది కావాలంటే మొదటిరోజే తేలికది కొనండి.

లైట్ మోడల్ బ్యారెల్ చివర మరలు (వేరే భాగం తిప్పి బిగించే గాడులు) ఉంటాయి. కాలిఫోర్నియాలో మరల బ్యారెల్ ఉన్న పిస్టల్ వేరే చట్టంలోకి వెళ్లిపోతుంది. మీ రాష్ట్రం సంగతి డీలర్‌ని అడిగాకే డబ్బు కట్టండి. సెకండ్ హ్యాండ్ తీసుకుంటుంటే సీరియల్ నంబర్ రూగర్ సైట్‌లో వేసి చూడండి. 2017 జూన్ 1కి ముందు తయారైన మార్క్ ఫోర్‌లలో సేఫ్టీ మీట మధ్యలో ఆగితే కొన్ని పరిస్థితుల్లో పేలే ప్రమాదం ఉందని కంపెనీయే వెనక్కి పిలిచి ఉచితంగా బాగుచేసింది. బాగుచేయనిది అయితే ముందు ఆ పని చేయించండి.

డబ్బు లెక్క, ధరలు సుమారుగా:

పిస్టల్ 500 డాలర్లు
రెడ్ డాట్ 150
అదనపు మ్యాగజైన్లు మూడు, 80
తూటాలు వెయ్యి, 90
చెవులకి, కళ్లకి రక్షణ 50
డీలర్ ఫీజు 30

ట్రిగ్గర్ కిట్ ఇందులో లేదు, కావాలనే. హోల్‌స్టర్ (నడుముకి కట్టే ఒర) కూడా లేదు. స్టీల్ ఛాలెంజ్‌లో రిమ్‌ఫైర్ (.22 లాగా అంచులో మందు ఉండే తూటా) పిస్టల్ వాళ్లు నడుము నుంచి లాగరు. మూతిని నేల మీది గుర్తు వైపు పెట్టి మొదలుపెడతారు. సంచి, ఛాంబర్ ఫ్లాగ్ (తూటా కూర్చునే ఛాంబర్ ఖాళీ అని చూపే చిన్న జెండా) చాలు.

పిస్టల్‌తో వచ్చే రెండూ కలిపి మ్యాగజైన్లు అయిదు ఎందుకంటే, ఒక స్టేజ్‌లో (ఒక పలకల అమరికలో) అయిదు పరుగులు, అంటే పలకలన్నిటినీ ఒకసారి కాల్చే వంతులు, పరుగుకి అయిదు పలకలు. పరుగుకో మ్యాగజైన్ పెట్టుకుంటే తప్పిన గుళ్లకి కూడా మ్యాగజైన్‌లోని పది తూటాల్లో మిగులు ఉంటుంది, నిలబడ్డచోట తూటాలు నింపుకోనక్కర్లేదు. మొత్తం ఎనిమిది స్టేజ్‌లు, ఒకదాంట్లో మాత్రం నాలుగే పరుగులు, అంటే ఒక్కటీ తప్పకుండా కాల్చినా 195 తూటాలు. కొనేటప్పుడు 22/45 అని రాసినవే తీసుకోండి. మెటల్ ఫ్రేమ్ మార్క్ ఫోర్ మ్యాగజైన్లు వేరు, ఇందులో పనిచేయవు. అయిదింటికీ మార్కర్‌తో 1 నుంచి 5 నంబర్లు వేయండి. ఈ నంబర్లు తర్వాత చాలా పని చేస్తాయి.

నింపడంలోనే సగం జామ్‌లు పుడతాయి. .22 తూటా అడుగున అంచు బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకి వెనక పడితే బోల్ట్ ఎంత తోసినా అది ముందుకి రాదు. పక్కనున్న బటన్‌ని ఒక్కసారిగా అడుక్కి లాగి తూటాలు జారవిడిస్తే జరిగేది ఇదే. బటన్‌ని ఒక తూటా మందం మేరకే కిందికి దించి, ఒకటి పెట్టి, దాని అంచు కింది దానికి ముందు పడిందని చూసి, మళ్లీ దించండి. నింపాక మ్యాగజైన్ వెనక భాగాన్ని అరచేతికి రెండుసార్లు కొట్టండి.

డాట్ బిగించేటప్పుడు అది కూర్చునే పట్టా మరలు నూనె లేకుండా తుడిచి, నీలం రంగు లాక్‌టైట్ (మరలు వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఎరుపు వద్దు, తీయడం కష్టం. బిగించాక బోల్ట్‌ని చేత్తో నెమ్మదిగా లాగి చూడండి. ఎక్కడైనా గీరుకుంటుంటే మర పొడవు ఎక్కువైంది, లోపల బోల్ట్‌కి తగులుతోంది. చూసుకోకుండా కాలిస్తే బోల్ట్ మీద గీత పడుతుంది, దాని కదలిక మందగిస్తుంది. అప్పుడు తూటాని తిట్టుకుంటూ కూర్చుంటారు.

మొదటి 500 తూటాలూ ఏ భాగమూ మార్చకుండా కాల్చండి. ప్రతి ఆటంకాన్నీ రాసుకోండి: ఏ నంబర్ మ్యాగజైన్, ఎన్నో తూటా, ఏం జరిగింది. ఒకే నంబర్ దగ్గర పదేపదే వస్తే దోషం మ్యాగజైన్‌ది, పిస్టల్‌ది కాదు. పేలని తూటాని, మూతిని టార్గెట్ వైపే ముప్పై సెకన్లు ఉంచాక తీయండి. అంచు మీద పిన్ దెబ్బ లోతుగా ఉంటే తప్పు తూటాది: రిమ్‌ఫైర్‌లో మందు అంచు చుట్టూ సమంగా పరుచుకోకపోవడం మామూలే. దెబ్బ పైపైన ఉంటే బోల్ట్ పూర్తిగా మూసుకోలేదు, ఛాంబర్‌లో మైనం, సీసం పేరుకున్నాయి. పేలిన తూటా ఖాళీ గొట్టం పొగగొట్టంలా నిలబడి ఇరుక్కుంటే ముందు తూటా రకం మార్చి చూడండి, తర్వాతే ఎక్స్‌ట్రాక్టర్ (ఆ గొట్టాన్ని బయటికి లాగే కొక్కెం) సంగతి.

తూటాల్లో రెండు రకాలు పక్కపక్కన కాల్చి చూడాలి. సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ సెకనుకి 1070 అడుగులు, ధ్వని వేగం కన్నా తక్కువ, గుళ్లు దగ్గర దగ్గరగా పడతాయి. అదే కంపెనీ మినీ మ్యాగ్ 1235 అడుగులు, బోల్ట్‌ని బలంగా తోస్తుంది. చలికాలంలో పిస్టల్ మొండికేస్తే ఇదే మందు. స్టింగర్ వద్దు. దాని గొట్టం మామూలు .22 కన్నా పొడుగు, బిగుతు ఛాంబర్‌లకి పనికిరాదు.

ఇంట్లో ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే అలవాటుంటే తూటాలు వేరే గదిలో పెట్టి, ఖాళీ మ్యాగజైన్ పెట్టి చేయాలి. మ్యాగజైన్ లేకపోతే ఇది హ్యామర్‌ని (ఫైరింగ్ పిన్‌ని కొట్టే సుత్తి) వదలదు. ఆ ఏర్పాటుని తీసేయమని చాలామంది చెబుతారు, తీయొద్దు. విప్పి శుభ్రం చేసిన ప్రతిసారీ బోల్ట్‌లో ఫైరింగ్ పిన్ ఆపే చిన్న పిన్ తిరిగి వేశారో లేదో చూడండి. అది లేకుండా ఖాళీగా నొక్కితే ఫైరింగ్ పిన్ నేరుగా ఛాంబర్ అంచుని కొడుతుంది. అక్కడ సొట్ట పడ్డాక తూటా లోపలికి సరిగ్గా వెళ్లదు, ఖాళీ గొట్టం బయటికి రాదు.

రెండు మ్యాచ్‌లు అయ్యాక ట్రిగ్గర్ ఇంకా బరువనిపిస్తే అప్పుడు 120 డాలర్ల చుట్టుపక్కల ఒక పూర్తి కిట్ కొనండి. సియర్‌ని (హ్యామర్‌ని పట్టి ఉంచే కొక్కెం) ఆకురాయితో రుద్దడం వద్దు: పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, అది పోతే త్వరగా అరిగి ఒకసారి నొక్కితే రెండు పేలే ప్రమాదం ఉంది. కిట్‌లోని ముందు కదలికని తగ్గించే మరని అతిగా తిప్పితే ట్రిగ్గర్ తిరిగి పట్టుకోదు, సేఫ్టీ కూడా ఎక్కదు. బిగించాక తూటాలు లేకుండా ఈ వరుసలో పరీక్షించండి: సేఫ్టీ వేసి గట్టిగా నొక్కితే హ్యామర్ పడకూడదు. వేలు తీసేసి సేఫ్టీ తీసినప్పుడు కూడా పడకూడదు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే బోల్ట్ లాగి వదిలి, తర్వాత వేలు తీస్తే తిరిగి పట్టుకున్న చప్పుడు వినపడాలి. బోల్ట్‌ని జోరుగా పదిసార్లు వదిలినా హ్యామర్ దానంతటది పడకూడదు. ఇవన్నీ దాటాకే రేంజ్‌లో మ్యాగజైన్‌కి ఒక తూటా, ఆ తర్వాత రెండు, ఆ తర్వాతే పది.