టమాటా పూత రాలడం ఎలా ఆగిందంటే

బెంగళూరు హొరమావులో మా ఇంటి వెనక పీవీసీ పైపులు వంచి, పాలిథిన్ షీటు కప్పి చిన్న గ్రీన్‌హౌస్ కట్టాను. మదనపల్లె నుంచి తెచ్చిన టమాటా నారు ఏపుగా పెరిగింది, పూత విరగబూసింది. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. రోజూ పొద్దున్నే రాలిన పూలు చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

బలం చాల్లేదనుకుని వేపపిండి, జీవామృతం ఇంకా వేశాను. ఆకు గుబురెక్కింది, అంతే. చివరికి ఏప్రిల్ మధ్యాహ్నం లోపల థర్మామీటర్ పెట్టి చూస్తే 41 డిగ్రీలు! 35 దాటితే టమాటా పుప్పొడి దెబ్బతింటుంది. పైగా ఈ పువ్వు తన పుప్పొడితోనే కాయ కడుతుంది గానీ, ఆ పుప్పొడి రాలాలంటే గాలికి ఊగాలి, లేదా తుమ్మెద లాంటిది వాలి అదిలించాలి. నా షీటు రెండింటినీ ఆపేసింది.

రెండు పక్కలా షీటు నడుమెత్తు వరకు చుట్టి, అక్కడ పురుగుల వల బిగించాను. పైన షేడ్‌నెట్ వేశాను. పొద్దున పది గంటలప్పుడు ఊతకర్రల్ని ఒక్కొక్కటిగా వేలితో తడతాను. పసుపు పొడి రాలడం కంటికి కనిపిస్తుంది. ఈ పని మా పాపకి మహా ఇష్టం.

రెండు వారాలకి బఠాణీ గింజంత పిందెలు కనిపించాయి. వెంటనే అమ్మకి ఫొటో పంపాను.