పులిని ఆడకండి, పులిని చూసిన మనిషిని ఆడండి

ఊరివాళ్లు చెప్పిన అడవి కథలతో నాటకం వేద్దామని ఎవరైనా నా దగ్గరికొస్తే, కూర్చున్న పది నిమిషాల్లోనే పులి వేషం ఎవరిదన్న మాట వస్తుంది. చారల బట్ట ఎక్కడ దొరుకుతుంది, తోక ఎలా కట్టాలి, చిన్నపిల్లాడైతే నాలుగు కాళ్ల మీద బాగా నడుస్తాడు కదా... నేను అక్కడే ఆపేస్తాను. పులి వేషాన్ని చూస్తే జనం నవ్వుతారు. పులిని చూసి కాళ్లూ చేతులూ ఆడకుండా నిలబడిపోయిన మనిషిని చూస్తే మాత్రం వాళ్ల కళ్లకే పులి కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తూ నేను పట్టుకు వేలాడుతున్న సూత్రం ఇదే. కథలు అడిగేటప్పుడూ, రిహార్సల్‌లోనూ, చివరికి జనాన్ని ఎటువైపు కూర్చోబెట్టాలో తేల్చుకునేటప్పుడూ ఇదే పనికొస్తుంది.

కథలు ఎలా అడగాలి

"ప్రకృతితో మీ అనుబంధం గురించి చెప్పండి" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ఎవరైనా నిటారుగా కూర్చుని, గొంతు సవరించుకుని, చెట్లు మనకు ప్రాణవాయువు ఇస్తాయని మొదలుపెడతారు. చిన్న ప్రశ్నలు వేయండి. మీ ఇంట్లోకి పిలవకుండా వచ్చిన ప్రాణి ఏది? చీకటి పడ్డాక ఇప్పటికీ మీరు వెళ్లని చోటు ఏది? చిన్నప్పుడు వినిపించి ఇప్పుడు వినిపించని చప్పుడు ఏదైనా ఉందా? ఏ చెట్టు కొట్టేస్తే బాధేసింది, ఏ చెట్టు కొట్టేస్తే హమ్మయ్య అనుకున్నారు? ఈ చివరి ప్రశ్న వదలకండి. హమ్మయ్య అనుకున్న చెట్టు గురించి చెప్పేటప్పుడు మనుషులు అబద్ధం ఆడరు.

అడవి పక్కనే ఉండాలనేం లేదు. బాల్కనీలో తేనెపట్టు పట్టినా, మీటరు పెట్టెలో తొండ కాపురం పెట్టినా, గోడ పగుల్లో మర్రి మొలిచినా అది కథే. అపార్ట్‌మెంట్ వాళ్ల దగ్గర కథలు తక్కువని మొదట్లో అందరూ అనుకుంటారు. లిఫ్టులోకి గబ్బిలం దూరిన రాత్రి గురించి ఒకసారి అడిగి చూడండి.

వీలైతే కుర్చీలో కూర్చోబెట్టి కాకుండా, అది జరిగిన చోటికి నడుస్తూ అడగండి. పక్కపక్కన నడుస్తుంటే ఇద్దరి చూపూ దారి మీదే ఉంటుంది కాబట్టి మాట సులువుగా వస్తుంది. నడవలేని పెద్దవాళ్ల దగ్గరికి పెద్ద కాగితం, స్కెచ్ పెన్నులు తీసుకెళ్లి, వాళ్ల చిన్ననాటి చుట్టుపక్కలను గీయమనండి. పక్కింటాయన వచ్చి "చెరువు అక్కడ కాదు, ఇక్కడ" అని తగువుకు దిగుతాడు. ఆ తగువునూ రికార్డు చేయండి, అందులో సగం సీను ఉంటుంది.

రికార్డింగుకు ఫోను చాలు. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఆరుబయట గాలి రొద తగలకుండా మైకు మీద పల్చటి గుడ్డ చుట్టండి. అసలు చిక్కు తర్వాత రాసుకునేటప్పుడు వస్తుంది. వంటింట్లో పాము కనిపించిన సంగతి ఒక అవ్వ ఇలా చెప్పింది: "అది నన్ను చూసింది. నేను... చేతిలో చీపురు. చీపురే. వదల్లేదు." మా కుర్రాడు దాన్ని శుద్ధంగా రాసుకొచ్చాడు: "భయంతో నేను చేతిలోని చీపురును గట్టిగా పట్టుకున్నాను." ఈ వాక్యంలో తప్పేమీ లేదు, పామే లేదు. ఆ "చీపురే" అన్నప్పుడు అవ్వ తన చేతిని తానే చూసుకుంది. ఆగిన చోట ఆగినట్టు, తిరిగి అన్న మాట తిరిగి అన్నట్టు రాయండి. మొహం ఎటు తిప్పారో పక్కన బ్రాకెట్లో రాసి పెట్టుకోండి. యాసను మాత్రం ముట్టుకోకండి.

కథ అయిపోయిందనిపించాక ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. అప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి? అది వెళ్లిపోయాక మీరు చేసిన మొదటి పని ఏమిటి? అవ్వ స్టవ్ ఆపేసిందట. ఆ తర్వాత కూర్చుందట. నటికి కావలసింది ఇదే. "చాలా భయపడింది" అని చెబితే ఏ నటీ ఏమీ చేయలేదు.

ఒప్పుకోలు సంగతి. కథ చెప్పడానికి సరే అన్నవాళ్లు దాన్ని నలుగురి ముందు ఆడటానికి కూడా సరే అన్నట్టు కాదు. కాబట్టి రెండుసార్లు అడగాలి. కథ విన్నరోజు ఒకసారి, స్క్రిప్టు రాశాక వాళ్లకే చదివి వినిపించి ఇంకోసారి. పేరు ఉంచాలా, మార్చాలా, ఏ ముక్క తీసేయాలి అన్నది వాళ్లే తేలుస్తారు. వేట కథలు వస్తే ఇంకా జాగ్రత్త: చెప్పినవాళ్ల మీద కేసు అయ్యే అవకాశం ఉంటే పేరు, కాలం, చోటు అన్నీ మార్చండి. అలా మార్చినా గుర్తుపట్టేలా ఉంటే ఆ కథ వదిలేయండి. గూళ్లు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, అరుదైన మొక్కలున్న చోట్లు స్టేజి మీద పేరుపెట్టి చెప్పకండి. మర్నాడు పొద్దున్నే ఫోన్లు పట్టుకుని జనం అక్కడ ఉంటారు.

ఏ కథలు ఉంచాలి

అన్నీ చదివి బాగున్నవి ఏరుకోవడం కాదు. ఒకదానికొకటి అడ్డం తిరిగే కథలు ఉంచండి. పందులు రాత్రికి రాత్రి చేను దున్నేశాయని ఇంకా తిడుతున్న రైతు ఒకవైపు, గుంటలో పడిన పందిపిల్లను అమ్మకు తెలియకుండా పైకి తీసి వదిలేసిన అదే ఇంటి పిల్ల మరోవైపు. ఇద్దరినీ ఒకే సీనులో నిలబెట్టండి, రాజీ మాత్రం చేయకండి. "ప్రకృతి మంచిది, మనిషి చెడ్డవాడు" అని తేల్చేసే నాటకానికి రెండో సీను అక్కర్లేదు, జనానికి మొదట్లోనే విషయం అర్థమైపోతుంది. అడవి జంతువుల పక్కన బతికేవాళ్లకు భయం, కోపం, అపురూపం అన్నీ ఒకే ఒంట్లో ఉంటాయి. చివర్లో ఒకరు ముందుకొచ్చి మొక్కలు నాటమని చెప్పే డైలాగు ఉంటే కొట్టేయండి. పెట్టమని ఎవరో ఒకరు పట్టుబడతారు, అయినా కొట్టేయండి.

కొత్తవాళ్లతో ఐదారు కథలు, ముప్పావు గంట. అంతకంటే సాగదీయొద్దు. వరసకు కాలక్రమం కన్నా రోజులోని పూట బాగా పనిచేస్తుంది: తెల్లవారు కథ ముందు, రాత్రి కథ చివర.

రిహార్సల్

ఇక్కడ నేను ఇద్దరు ముగ్గురు పెద్దల దగ్గర అప్పు తెచ్చుకుంటాను. బ్రెజిల్ రంగస్థల దర్శకుడు అగస్టో బోల్ (1931–2009) వాడిన పద్ధతుల్లో ఇమేజ్ థియేటర్ ఒకటి. మాటల్లేకుండా మనుషుల శరీరాలతోనే ఒక స్థితిని బొమ్మ కట్టడం. నేను దాన్ని ఇలా వాడతాను. కథ చెప్పిన మనిషే వచ్చి నటుల్ని ఒక్కొక్కరినీ చేత్తో పట్టుకుని నిలబెట్టాలి, నోరు విప్పకూడదు. జంతువు కనిపించిన క్షణం ఒక బొమ్మ. దానికి ముందు క్షణం ఇంకోటి, వెనక క్షణం మరొకటి. తర్వాత నటులు ముందు క్షణం బొమ్మలోంచి వెనక క్షణం బొమ్మదాకా మెల్లగా కదులుతారు. డైలాగు ఇంకా పుట్టకముందే సీను నిలబడుతుంది.

1975లో అమెరికాలో జోనాథన్ ఫాక్స్, జో సాలస్ మొదలుపెట్టిన ప్లేబ్యాక్ థియేటర్‌లో ప్రేక్షకుల్లో ఒకరు కథ చెబుతారు, నటులు అప్పటికప్పుడు ఆడి చూపిస్తారు. రిహార్సల్‌కు ఇది మంచి మందు. ఆడాక కథ చెప్పినవాళ్ల వైపు తిరిగి "ఇలాగేనా?" అని అడగండి. "నేను వెనక్కి జరగలేదు, పక్కకి జరిగాను" అంటారు. అలా దిద్దిన ముక్కలే నాటకానికి ప్రాణం.

ఇక కనిపించని జంతువును కనిపించేలా చేయడం. దీనికి పొడుగు కర్ర చివర ఎర్రగుడ్డ కట్టి ఒకరు పట్టుకుని నడవాలి. మిగతావాళ్లు తల తిప్పకుండా ముందు కళ్లతోనే దాన్ని వెంటాడాలి, ఆ తర్వాత మెడ, ఆ తర్వాత భుజం. బాగా కుదిరాక కర్ర తీసేయండి. అందరి చూపూ ఒకే ఎత్తులో, ఒకే వేగంతో కదలాలి. జింకకు ఒక ఎత్తు, ఏనుగుకు ఒక ఎత్తు ముందే అనుకోవాలి. ఒక్కడి చూపు జానెడు కిందికి దిగినా జంతువు మాయమైపోతుంది, జనం కూడా పట్టేస్తారు. మొదట్లో ఎవరికీ కుదరదు. రోజూ రిహార్సల్ మొదట్లో కాసేపు ఇదే చేయించండి, విసుక్కుంటారు, చేయించండి.

శబ్దాలకు వేరే జట్టు ఉండాలి. స్టేజి ఎక్కమంటే సిగ్గుపడేవాళ్లంతా ఇందులో బ్రహ్మాండంగా చేస్తారు. ఎండుటాకులు గోనెసంచిలో నలిపితే నడక, వెదురు ముక్కలు రాసుకుంటే కొమ్మల కిర్రు. రికార్డు చేసిన పక్షి కూతలను ఆరుబయట స్పీకర్లో పెట్టకండి. ప్రత్యర్థి వచ్చిందనుకుని నిజం పక్షులు గూడు, మేత వదిలి దాని వెంట పడతాయి, గూడు కట్టే కాలంలో అయితే నష్టం ఇంకా ఎక్కువ.

పిల్లలు మాత్రం జంతువు ఉండాల్సిందే అంటారు. సరే, జంతువంతా కాకుండా ఒక్క ముక్క ఇవ్వండి. గుడ్డతో చేసిన ఏనుగు చెవి, లేదా గోడ మీద నీడ. ఆడించేవాళ్లు కనిపించినా పర్వాలేదు.

ఒక్క నియమం గట్టిగా పెట్టుకోండి: జంతువు వల్ల ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఎంత ఇష్టపడినా, ఆ కథను వాళ్లే ఆడకూడదు. వేరేవాళ్లు ఆడాలి, వాళ్లు చూడాలనుకుంటే చూస్తారు.

చోటు, గాలి, వెలుతురు

ఆరుబయట వేస్తుంటే, ఆట ఏ పూటకో ఆ పూటకే వెళ్లి ఒక గంట నోరు మూసుకుని కూర్చోండి. పంపుసెట్టు, కీచురాళ్లు, దూరంగా రోడ్డు, అన్నీ అప్పుడే బయటపడతాయి. గాలి ఎటునుంచి వీస్తుందో చూసి, నటులు గాలి వచ్చే వైపు, జనం గాలి వెళ్లే వైపు ఉండేలా ఏర్పాటు చేయండి. గాలివాటున మాట కిందికి వంగి జనం మీదికి వస్తుంది, ఎదురుగాలికి పైకి లేచిపోతుంది. ఖాళీ జాగాలో దూరం రెట్టింపైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మైకు లేకపోతే చివరి వరసను 12 మీటర్లు దాటనివ్వకండి. నటుల వెనక గోడో పెద్ద బండో ఉంటే ఇంకా మంచిది.

రాత్రి కథ సరిగ్గా చీకటి పడేటప్పుడు రావాలంటే లెక్క చూసుకోవాలి. సూర్యుడు అస్తమించాక అక్షరాలు కనబడే వెలుతురు భూమధ్యరేఖ దగ్గర 20 నిమిషాల చిల్లర మాత్రమే ఉంటుంది, దూరం పోయేకొద్దీ పెరుగుతుంది. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్క ఫోను టార్చి దాన్నంతా పాడుచేస్తుంది. ఫోన్లు ఆపమని మొదట్లోనే, కాస్త గట్టిగానే చెప్పండి. లైట్లు పెడితే తెల్లవి వద్దు, వాటికి పురుగులు ముసురుతాయి. పసుపు వెలుతురు, కిందికి వంచి. తిరిగివెళ్లే దారిలో మాత్రం సరిపడా వెలుతురు ఉండాలి, పాములు తిరిగే వేళ అది.

చెట్టుకు తాడు కట్టేముందు పైకి చూడండి. తేనెపట్టు ఉంటే ఆ చెట్టు దగ్గర డప్పు, పొగ రెండూ వద్దు. రక్షిత అడవిలోపలైతే అనుమతి తప్పనిసరి. దానికోసం తిరిగే ఓపిక లేకపోతే అంచు బయట వేయండి, నాటకానికి తేడా రాదు. వాన వస్తే ఎక్కడికి మారాలో కూడా ముందే అనుకోండి.

ఆట, ఆ తర్వాత

మొదటి ఆట కథలు చెప్పినవాళ్లకే. బయటివాళ్లెవరూ వద్దు. ఏదైనా తేడా వస్తే మార్చడానికి రెండు మూడు రోజులు చేతిలో ఉంచుకోండి.

అందరి ముందు ఆడినరోజు, అయిపోయాక, తగువున్న సీను ఒకటి మళ్లీ మొదలుపెట్టండి. ఇది బోల్ గారి ఫోరమ్ థియేటర్. జనంలో ఎవరైనా "ఆపు" అనొచ్చు, వచ్చి ఒక పాత్ర స్థానంలో నిలబడి తానైతే ఏం చేస్తారో చేసి చూపించొచ్చు. పంది సీను పెడితే కరెంటు కంచె వేద్దామనేవాడు ఒకడు లేస్తాడు, దానికి తగిలి మనుషులూ పోతున్నారని ఇంకొకరు లేస్తారు. మీరు తీర్పు చెప్పకండి, "సరే, అప్పుడేమవుతుంది?" అని మాత్రం అడుగుతూ ఉండండి. పిల్లలు రైతు స్థానంలోకి రారు, పంది స్థానంలోకే వస్తారు. రానివ్వండి. ఇంతసేపూ మనం ఆడని జంతువుకు అప్పుడు మాటలొస్తాయి, "మరి నేనెక్కడికి పోవాలి?" అని పెద్దవాళ్లను నిలదీస్తుంది.

మర్నాడు తాళ్లు, మేకులు, ప్లాస్టిక్ అంతా తీసేయండి. రికార్డింగులు ఎవరివి వాళ్లకు ఇవ్వండి. టికెట్ డబ్బులు వస్తే కథ చెప్పినవాళ్ల వాటా ఎంతో ఆటకు ముందే తేల్చి ఉండాలి, తర్వాత తేల్చుకుందామంటే తగువే. ఇంకో ఊరివాళ్లు మా దగ్గరా వేయండని పిలిస్తే, కథలు చెప్పిన ప్రతి ఒక్కరినీ మళ్లీ అడగండి. కొందరు వద్దంటారు. ఆ సీను తీసేసి, పిలిచిన ఊళ్లో ఓ నాలుగు రోజులు ముందే దిగి, ఆ ఖాళీలోకి అక్కడి కథ అడిగి తెచ్చుకోండి.