హైదరాబాద్‌లో మీ వీధిలో కమర్షియల్ బిల్డింగ్ లేస్తోందా? ముందు ఇవి చూడండి

ట్రాఫిక్ పెరిగాక అరిచి లాభం లేదు, పునాది దశలోనే కదలాలి. సైట్ దగ్గర పర్మిషన్ నంబర్ ఉన్న బోర్డు కోసం చూసి ఫోటో తీసుకోండి. తర్వాత హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం నివాస జోనా, వాణిజ్య జోనా చూడాలి. జోన్ మార్పు కోసం దరఖాస్తు పెట్టి ఉంటే అభ్యంతరాలు కోరుతూ నోటీసు వస్తుంది, ఆ గడువు దాటిందంటే చాలా బలం పోయినట్టే.

అసలు గొడవంతా పార్కింగ్ దగ్గరే. ప్లాన్‌లో సెల్లార్ పార్కింగ్ అని చూపించి, తర్వాత అక్కడే గోడౌన్ గానీ షాపులు గానీ పెడితే, వచ్చే కార్లన్నీ మీ గేటు ముందే ఆగుతాయి. అందుకే మంజూరైన ప్లాన్ కాపీ కోసం మున్సిపల్ కార్పొరేషన్‌కి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయండి. 2005 చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అందులో పార్కింగ్ విస్తీర్ణం, సెట్‌బ్యాక్ (బిల్డింగ్ చుట్టూ వదలాల్సిన ఖాళీ), ముందున్న రోడ్డు వెడల్పు ఈ మూడూ టేపు పట్టుకుని నేల మీద ఉన్నదానితో పోల్చండి, ఎందుకంటే 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ఎత్తునీ సెట్‌బ్యాక్‌నీ రోడ్డు వెడల్పుతోనే ముడిపెట్టింది.

తేడా ఉంటే టౌన్ ప్లానింగ్ విభాగానికి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలోనూ ఇవ్వొచ్చు. ఒక్కరే వెళ్లకండి, కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద వెళ్లండి, కాపీ ట్రాఫిక్ పోలీసులకీ పంపండి. ఇదంతా బిల్డింగ్‌ని వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ రాకముందే జరగాలి.