మటిక్కాయలు విరగకాస్తే వరుగులు పెట్టేయండి
మా అనంతపురం పల్లెల్లో ఎండాకాలం నీళ్లు కాస్త అందితే చాలు, పెరట్లో మటిక్కాయలు, అదే గోరుచిక్కుళ్లు, ఇరుగుపొరుగుకు పంచినా తరగనన్ని కాస్తాయి. ముదిరి పీచు పట్టకముందే లేతవి కోసి తొడిమలు గిల్లి, మరిగే ఉప్పునీళ్లలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీసి, రాత్రంతా పుల్లటి మజ్జిగలో నానబెట్టి, పొద్దున్నే మిద్దె మీద పాత పంచె పరిచి ఎండబెట్టండి. సాయంత్రం మళ్లీ అదే మజ్జిగలోకి. మూడు రోజుల్లో మజ్జిగంతా పీల్చుకుంటాయి, ఆ తర్వాత ఉత్త ఎండ చాలు. విరిస్తే పుటుక్కుమనాలి. వంగిందంటే తేమ ఉన్నట్టే, పోయినేడాది నేను తొందరపడి డబ్బాకెత్తితే మొత్తం బూజు పట్టింది, ఎంత బాధేసిందో. వానాకాలం సన్న సెగ మీద వేయించి రాగిసంగటి, పప్పుతో నంజుకోండి, ఆ పులుపు భలే ఉంటుంది.