రాయి తీశాక కిడ్నీ వాపు ఇంకా ఉందా? ఫాలో-అప్ ఇలా చేయించుకోండి

రాయి పోయింది, నొప్పి తగ్గింది, ఇంకా ఆసుపత్రి ఎందుకు అనుకునేవాళ్లే ఎక్కువ. అక్కడే ప్రమాదం. కొద్దిమందిలో ఏ నొప్పీ లేకుండానే మూత్రనాళం (కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే గొట్టం) మూసుకుపోయి కిడ్నీ మెల్లగా దెబ్బతింటుంది. స్కాన్ చేస్తే తప్ప అది బయటపడదు.

ముందుగా డిశ్చార్జ్ కాగితాల్లో డీజే స్టెంట్ (మూత్రనాళంలో తాత్కాలికంగా పెట్టే సన్నని గొట్టం) వేసినట్టు ఉందేమో చూడండి. ఉంటే, తీయించుకోవాల్సిన తేదీకి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నెలల తరబడి మర్చిపోతే స్టెంట్ మీదే రాళ్లు పేరుకుంటాయి, అప్పుడు తీయడం పెద్ద పనవుతుంది.

తర్వాత అల్ట్రాసౌండ్. మామూలుగా చికిత్స అయిన 4 నుంచి 6 వారాలకు చేయిస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లకు అది తీశాక ఎప్పుడు చేయాలో డాక్టరే చెబుతారు. పాత రిపోర్టు తప్పకుండా వెంట తీసుకెళ్లండి, పోల్చి చూస్తేనే వాపు తగ్గుతోందో పెరుగుతోందో తెలుస్తుంది. మూత్రాశయం బాగా నిండి ఉన్నా కిడ్నీ కాస్త ఉబ్బినట్టు కనిపించవచ్చు. అందుకే మూత్రానికి వెళ్లొచ్చాక ఇంకోసారి చూడమని అడగండి.

రిపోర్టులో 'మైల్డ్ హైడ్రోనెఫ్రోసిస్' (కిడ్నీలో కొద్దిపాటి వాపు) అని ఉంటే వెంటనే టెన్షన్ పడకండి. చాలాకాలం ఉబ్బి ఉన్న కిడ్నీ, దారి తెరుచుకున్నా పూర్తిగా మునుపటిలా కాకపోవచ్చు. సాగిన ఎలాస్టిక్ వదులుగా మిగిలిపోయినట్టే ఇదీ. అయితే రాయి ముక్క మిగిలిందా, మూత్రనాళం సన్నబడిందా అన్నది తేల్చుకోవాలి. ముక్క సంగతి సీటీ స్కాన్ చెబుతుంది. మూత్రం సాఫీగా దిగుతోందా అన్నది రెనోగ్రామ్‌లో తెలుస్తుంది. ఇందులో కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కించి, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్ కూడా ఇచ్చి చూస్తారు. కిడ్నీలోని ఆ రేడియోధార్మిక మందులో సగం 10 నిమిషాల్లోపు దిగిపోతే సాధారణంగా అడ్డు లేనట్టే. 20 నిమిషాలు దాటితే అడ్డు ఉందని అనుమానిస్తారు. మధ్యలో ఉంటే కొన్నాళ్లాగి మళ్లీ పరీక్షించాల్సి రావచ్చు.

రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ నార్మల్‌గా ఉందని నిశ్చింతగా ఉండిపోవద్దు. రెండో కిడ్నీ బాగుంటే, ఒక కిడ్నీ దెబ్బతింటున్నా ఆ అంకె మారకపోవచ్చు.

తీసిన రాయిని పరీక్షకు పంపారా అని అడగండి, ఏ రకం రాయో తెలిస్తే మళ్లీ రాకుండా చూసుకోవడం తేలిక. డాక్టర్ నీళ్లు తగ్గించమని చెప్పనివాళ్లు రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేంతగా తాగాలి.

చలితో జ్వరం, నడుము పక్కన తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం: వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.