అల్లాయ్స్ మార్చే ముందు చక్రాన్ని తూకం వేయండి

కారుకి పెద్ద అల్లాయ్స్ (అల్యూమినియం మిశ్రమంతో చేసిన రిమ్ములు) వేయించాలనుకుంటే డిజైన్ ఒక్కటే చూడకండి, బరువెంతో కూడా కనుక్కోండి. అల్లాయ్ అంటే స్టీల్ కన్నా తేలికే అనుకుంటాం కానీ, 14 అంగుళాల స్టీల్ రిమ్ కంటే 16 అంగుళాల చవక అల్లాయ్ ఎక్కువ తూగొచ్చు, పైగా వెడల్పు టైరు బరువు వేరే.

డిక్కీలో కిలో పెరిగితే బండికి కిలోనే. అదే కిలో టైరు అంచున పెరిగితే, దాన్ని ముందుకు లాగడమే కాదు గిర్రున తిప్పాలి కూడా, అందుకే పికప్‌లో ఇంజిన్‌కి దాదాపు రెండు కిలోలు మోసినంత పని. బ్రేకులకీ అంతే. ఇక హ్యాండ్లింగ్ సంగతి, నాకైతే ఇదే ముఖ్యం: గతుకు తగిలి ఎగిరిన బరువైన చక్రాన్ని స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి వెంటనే కిందికి తేలేవు, ఆ క్షణం టైరుకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, మలుపులో ఉంటే బండి పక్కకి జరిగినట్టు తెలిసిపోతుంది.

రిమ్ సైజు పెంచినా టైరు మొత్తం ఎత్తు మారకూడదు. స్విఫ్ట్‌లో వచ్చే 165/80 ఆర్14, 185/65 ఆర్15 టైర్లు చూడండి (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది వెడల్పులో పక్క గోడ ఎత్తు ఎంత శాతమో, ఆర్ తర్వాతది అంగుళాల్లో రిమ్ సైజు), రెండింటి మొత్తం ఎత్తుకీ తేడా 2 మిల్లీమీటర్లే.

తూకం తేలికే. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ షాపుకి పట్టుకెళ్లండి. టైరుతో సహా చక్రాన్ని రెండు చేతులా ఎత్తుకుని దాని మీద నిలబడి, వచ్చిన అంకెలోంచి మీ బరువు తీసేయండి. పాతదీ కొత్తదీ అలాగే చూడండి. ఒక్కో చక్రానికి రెండు కిలోలు పెరుగుతోందంటే నేనైతే ఆ సెట్ తీసుకోను.