స్పీకర్లలో తబలా ఎటు పోయింది?

మాది ఒంగోలు. పొద్దున్నే హాల్లో స్పీకర్ల మీద పాటలు వినకపోతే నాకు రోజు మొదలవదు. మొన్న ఇంటికి రంగులేయించి సామాను మళ్లీ సర్దాక పాట పెడితే అందులో ప్రాణమే లేదు. తబలా పీలగా ఉంది. మన నెల్లూరు బాలుగారి గొంతు ఎటునుంచి వస్తోందో తెలియడం లేదు. స్పీకర్లు పోయాయేమోనని ఒకటే టెన్షన్.

అదే పాట హెడ్‌ఫోన్స్‌లో విన్నాను. దరువు నిండుగా ఉంది, గొంతు సరిగ్గా తల మధ్యలో నిలిచింది. అంటే పాటలో, ఫోన్‌లో లోపం లేదు. బ్యాలెన్స్ తిప్పి ఒక్కో స్పీకర్ విడిగా వింటే రెండూ బాగానే ఉన్నాయి! కలిపితేనే బేస్, అంటే దరువులోని లోతైన మోత, మాయం.

స్పీకర్ల వెనక్కి తొంగి టార్చ్ వేసి చూశాను. కుడి స్పీకర్‌కి ఎర్ర క్లిప్పులో ఉండాల్సిన ఎర్ర గీత వైరు నల్ల క్లిప్పులో ఉంది. ఒక స్పీకర్ గాలిని ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోంది. బేస్ ఒకదాన్నొకటి చంపుకునేది అందుకే. ఆంప్లిఫయర్ ఆపి వైర్లు మార్చాను, అంతే. బాలుగారు రెండు స్పీకర్ల నడుమ నిలబడి పాడుతున్నట్టే ఉంది.

లోపం పట్టడానికి, చిన్న చిన్న స్వరాలు వినడానికి హెడ్‌ఫోన్సే మేలు. కానీ దరువు ఒంటికి తగలాలంటే నాకు స్పీకర్లే కావాలి. రాత్రి నాన్న పడుకున్నాక మాత్రం హెడ్‌ఫోన్స్, అదీ సగం సౌండ్‌లోనే.